పలుపు చేతికొచ్చేటప్పుడు

టంగుటూరు పొగాకు వేలంలో
ముప్పైయ్యొక్క ఏళ్ళు బేళ్ళ లెక్క రాశాను.
ఆకు చూడకుండా ధర రాసిన రోజు లేదు.
అట్టాంటి నన్ను
చూడని ఇంటికి, చూడని మనిషికి
అడ్వాన్సు పంపమంటుండారు.

పోర్చుగల్లో సముద్రం పక్కన ఊరంట.
మూడు గదులు, నీలం తలుపు, పది రోజులు.
ఖైరున్నీసా, పెంచలరత్నం, నేను,
పెన్షన్లొచ్చే ముగ్గురు ఆడోళ్ళం.
ఇంటామె పేరు లూర్దెస్.
"చర్చి వీధి లూర్దమ్మకి చుట్టమేమో కనుక్కో మే"
అని రత్నం ఒకటే నవ్వు.
లూర్దమ్మకైతే కాగితం ముక్క లేకుండా
నెలనెలా చీటీ డబ్బులు కడుతుండా.
ఈమెకి?

మూడోవంతు ముందుగా.
మిగతాది తాళంచెవి ఇచ్చేటప్పుడు, నోట్లు, చేతికి.
ఏదన్నా పగిలితే పట్టుకోడానికి
ఇంకో నూట యాభై యూరోలు,
పోయేటప్పుడు తిరిగిస్తుందంట.
రసీదు అడిగితే
"మా ఊళ్ళో అట్టా రాయం" అని జవాబు.

బ్యాంకులో కుర్రాడు కళ్ళజోడు పైకి తోసుకుని
"మేడం, ఇట్టాంటివే కదా రోజూ పేపర్లో పడేది" అన్నాడు.
అంటూనే ఫారం చేతికిచ్చాడు.
దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని
ఇంటికొచ్చేశాను.

మా నాన్న మాల్యాద్రి ఎద్దుల బేరగాడు.
ఒంగోలు సంతలో
తువ్వాలు కింద రెండు చేతులు దూరేవి.
పైన మొహాలు వానల గురించి మాట్లాడుకుంటుంటే
కింద వేళ్ళు వందలూ యాభైలూ మాట్లాడుకునేవి.
కుదిరితే బయానా ఒక రూపాయి.
ఒక్క రూపాయే.
"రూపాయికి అంత కోడెనెట్టా ఆపి పెడతారు నానా?"
"రూపాయి కోడెకి కాదు మే, మాటకి."
మిగతా సొమ్ము
పలుపు చేతికొచ్చేటప్పుడు.

నాన్న మోసపోలేదని కాదు.
కనిగిరిలో ఒకడు
వందల్లో బయానా తీసుకుని
కోడెతో సహా మాయమయ్యాడు.
ఆ రాత్రి నాన్న కాళ్ళు కడుక్కుని
మామూలుకన్నా రెండు ముద్దలు తక్కువ తిన్నాడు.
మళ్ళీ వారం
అదే తువ్వాలు భుజాన వేసుకుని
సంతకి బయల్దేరాడు.

పంపాను.
పోయిందని బ్యాంకు నుంచి మెసేజీ వచ్చింది,
చేరిందని ఆమె నుంచి రాలేదు.
నాలుగు రోజులు. ఎనిమిది. పదకొండు.
ఖైరున్ ఫోన్ చేసినప్పుడల్లా
నేను ఉసిరికాయ పచ్చడి గురించి మాట్లాడాను.
తను కూడా పాపం
పచ్చడి గురించే అడిగింది.

పన్నెండో రోజు ఒక ఫొటో.
గోడకి మేకు, మేకుకి తాళంచెవి,
చెవికి కట్టిన ఎర్ర పురికొస.
కింద ఒక్క వాక్యం:
ద్రాక్ష కోతల్లో ఉన్నాను, ఏమీ అనుకోవద్దు.
ఆ పురికొసని వేళ్ళతో పెద్దది చేసి
చానాసేపు చూశాను.

ఆ పది రోజుల సంగతి ఇక్కడ రాయను.
సముద్రం పాకల దగ్గర ఉన్నట్టే ఉప్పగా ఉండాది,
చలి మాత్రం ఎక్కువ.
రత్నం చేతిలో మట్టికూజా ఒకటి జారింది.

ఆఖరి రోజు లూర్దెస్ వచ్చింది,
పొట్టి మనిషి, గోళ్ళలో మట్టి.
పగిలిన పెంకులు చూసింది.
రొట్టె చుట్టిన కాగితం మీద పెన్సిలుతో
కూజా, పన్నెండు, అని రాసి
నూట ముప్పైయెనిమిది లెక్కపెట్టి
నా చేతిలో పెట్టి
చెయ్యి ఇంకాసేపు వదల్లేదు.

విమానంలో రత్నం గొణుగుతూనే ఉంది,
"ఇంత ప్రేమగా ఉండి, కూజాకి పట్టుకోవాలా!"
నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.
మొత్తం ఇచ్చుంటే మంచిదనుకుని మరిచిపోయేదాన్ని.
పన్నెండు పట్టుకుంది.
ఒక్క రోజు ఆలస్యమైతే
లూర్దమ్మ నా చీటీలో వదులుతుందా?

ఈ ఏడు మళ్ళీ అడిగాను.
తెలిసినోళ్ళం కదా, అడ్వాన్సు ఎంత అంటే
మూడోవంతు, అంది.

బ్యాంకు కుర్రాడు ఈసారి ఏమీ అనలేదు.
పెన్ను మూత తీసి
ఫారం నా వైపు జరిపాడు.